లుఖ్మా ఇచ్చేటోడు ఉండాలె

మా దాదీమా గొంతు చెడిపోయిందని షబే బరాత్ రాత్రి తెల్సింది.

దాదీమా ఇంతెఖాలై తొమ్మిదేండ్లయింది. ఆ రాత్రి మగవాళ్లం ఖబరస్తాన్‌కు పోయి ఫాతెహా చదివి ఇంటికొచ్చినం. నల్లగొండ నుంచి ఫుప్పూ వచ్చి ఉండె. "అమ్మీ మాటలు ఒకసారి పెట్టు బేటా, ఇనాలె అన్పిస్తున్నది" అన్నది. దాదీమా బతికున్నప్పుడు పాత ఫోన్ల నేను చేసిన రికార్డింగ్ అది. నలభయ్యొక్క నిమిషాలు. మా ఖాందాన్ షిజ్రా అంతా అండ్లనే ఉంది. ఎవరి బిడ్డ ఎవరింటికి పోయింది, ఎవరు ఏ ఊర్ల దఫన్ అయిండ్రు, 1948ల పోలీస్ యాక్షన్ రోజుల్ల రాత్రికి రాత్రి ఊరిడిసి భువనగిరి ఎట్ల చేరిండ్రు, అన్నీ చెప్పింది. కాగజాలున్న సందూఖును బాయిల పడేసి ఉరికిండ్రట. అందుకే మా ఇంట్ల 1948కి ముందటి కాగజం ఒక్కటి లేదు. మాకున్న దస్తావేజు దాదీమా గొంతే.

పదిహేడో నిమిషం కాడ గొంతు ఆగిపోయింది. మల్ల పెట్టిన. మల్ల అక్కడ్నే ఆగింది. ఫుప్పూ నా మొఖం చూసింది. నేను అల్మారి మీదున్న డబ్బాను చూసిన. ఎర్ర బత్తి ఎలుగుతున్నది.

సిగ్గుతోని ఒక సంగతి చెప్పాలె. రోజూ పొద్దుగాల రైలెక్కి హైదరాబాద్ పోయి పరాయోళ్ల డేటా కాపాడే నౌకరీ నాది. చిరాగ్ తలే అంధేరా అంటరు గదా, మా ఇంటి కథ అదే. ఆ డబ్బాను ఎట్ల బాగుచేసిన, ఎంత దక్కింది, ఏది దక్కలేదు అనేది చెప్పి, మన ఇండ్లల్ల కాగజాలు, ఫోటోలు, గొంతులు దాచుకునే తీరు మీద నా రాయి కూడా చెప్త. మిషన్ల సంగతి మాకెందుకు అనుకోకుండ్రి. ఖుర్బానీ హిసాబ్ వచ్చినోళ్లకు ఇది కూడా వస్తది.

ఆ డబ్బాల నాలుగు హార్డ్ డిస్కులున్నయి. ఒక్కోటి నాలుగు టెరాబైట్లు. మొత్తం పదహారు అయినా పన్నెండే వాడుకోవచ్చు. మిగిలిన నాలుగు ఏమైనట్టు? అవి పారిటీకి పోయినయి.

పారిటీ అంటే ఏందో చూడుండ్రి. ముగ్గురు అన్నదమ్ములు ఖుర్బానీ కోసం పైసలు జమచేసిండ్రు. ఒకాయన మూడు వేలు, ఒకాయన నాలుగు, ఒకాయన ఐదు. ఎవరిది వాళ్లు చీటీ రాసి పెట్టిండ్రు. నాలుగో చీటీ మీద మొత్తం పన్నెండు అని రాసిండ్రు. నడిమాయన చీటీ ఎలుక కొట్టింది. ఫిక్ర్ లేదు. పన్నెండుల నుంచి మూడు, ఐదు తీసేస్తే నాలుగు. పోయిన చీటీ మల్ల రాసుకోవచ్చు. నాలుగో చీటీల ఎవ్వరి నకలూ లేదు. కాని ముగ్గుర్ల ఎవ్వరిది పోయినా మిగిలినోళ్లతోని కలిసి అది తిరిగి తెస్తది.

కంప్యూటర్ ఇదే పనిని సున్నాలు, ఒకట్లతోని చేస్తది. మొత్తం కూడదు, ఒకట్లు సరి సంఖ్యల ఉన్నయా, బేసి సంఖ్యల ఉన్నయా చూస్తది. మూడు డిస్కుల్ల ఒకే చోట 1, 0, 1 ఉంటే ఒకట్లు రెండు, అంటే సరి. అందుకని పారిటీ 0. నడిమి డిస్క్ పోతే, అన్నీ కలిపి ఒకట్లు సరిగ ఉండాలె గనుక పోయింది 0 అని తేలిపోతది. లక్షల కోట్ల చోట్ల ఇదే హిసాబ్. ఈ పారిటీ భారం ఒక్క డిస్క్ మీదనే పడకుండ వంతులవారీగ నాలుగు డిస్కులూ మోస్తయి. అమెరికాల బర్క్‌లీ యూనివర్సిటీల డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనే ముగ్గురు 1988ల రాసిన వ్యాసంతోని ఈ పద్ధతికి రెయిడ్ అనే పేరు వచ్చింది. ఖరీదైన పెద్ద డిస్క్ ఒకటి కొనే బదులు చవక డిస్కులు కొన్ని కలిపి వాడుకోవచ్చు, ఒకటి పోయినా పని ఆగదు అనేది వాళ్ల మాట. గరీబోళ్లం నలుగురం కలిసి బతికినట్టే.

మరి ఒక డిస్క్ పోతే తిరిగొస్తది గదా, దాదీమా గొంతు ఎందుకు ఆగింది?

మూడో డిస్క్ రెండు రోజుల కింద పోయింది. బత్తి ఎవ్వరం చూడలె. అది ఒక్కటే పోతే ఏం కాకపోవు. రెండో డిస్క్‌ల కొన్ని సెక్టర్లు ఎప్పుడో ఖామోష్‌గ చెడిపోయి ఉన్నయి. ఆ ఫైళ్లు ఎవ్వరూ తెరవలేదు గనుక చెడిపోయినట్టు డబ్బాకే తెల్వదు. మూడోది ఉన్నన్ని రోజులు పారిటీ కాపాడేదే. అది పోయినంక రెండో దాని పాత జబ్బు బయటపడ్డది. మూడు వేల చీటీ, నాలుగు వేల చీటీ రెండూ పోతే పన్నెండు అనే లెక్క ఎంత చూసినా ఏం లాభం? పారిటీ ఒక్క గలతీనే మాఫ్ చేస్తది.

ఇంకో గలతీ కూడా నాదే. నాలుగు డిస్కులు ఒకే దుకాణంల, ఒకే రోజు, ఒకే కంపెనీవి కొన్న. ఒక్క ఈడు పిల్లల్లెక్క అన్నీ ఒక్కసారే ముసలివైనయి.

తెల్లారి ఒకాయన సలహా ఇచ్చిండు. "కొత్త డిస్క్ పెట్టి రీబిల్డ్ కొట్టు భాయ్, అదే సర్దుకుంటది." చానామంది చేసేది ఇదే, చానామంది మునిగేది కూడా ఇక్కడ్నే. రీబిల్డ్ అంటే మిగిలిన మూడు డిస్కులను మొదటి నుంచి ఆఖరి దాకా చదివి కొత్త దాన్ని నింపుడు. ముందే జబ్బుతో ఉన్న రెండో డిస్క్ మీద అంత బరువు పెడితే నడుమల్నే కూలుతది. అప్పుడు గొంతుతో పాటు అన్నీ పోతయి.

అందుకని మొదలు డబ్బా బంద్ చేసిన. డేటా పోయినప్పుడు మొదటి ఖాయిదా ఇదే. కొత్తగ ఏం రాయొద్దు, ఏం రిపేర్ చెయ్యొద్దు, ఆపాలె. తర్వాత నాలుగు డిస్కులను ఒక్కొక్కటిగ బయటికి తీసి, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాంతోని వేరే కొత్త డిస్కుల మీదికి సెక్టర్ తర్వాత సెక్టర్ నకల్ తీసిన. ఇది తెలివైన ప్రోగ్రాం. మొదలు సులువుగ వచ్చేదంతా తీసుకుంటది. మొరాయించిన చోట్లను నిషానీ పెట్టుకొని ఆఖర్ల సబర్‌గ మల్ల మల్ల అడుగుతది. ఏ చోటు వచ్చింది, ఏది రాలేదు అని నక్షా రాసిపెడతది. పోయిందనుకున్న మూడో డిస్క్ కూడా మొత్తం చావలేదు, కొన్ని చోట్లనే జవాబియ్యదు. జబ్బు డిస్కులు రెండింటికి కలిపి నాలుగు రాత్రులు పట్టింది.

నక్షాలు పక్కపక్కన పెట్టి చూస్తే మనసుకు తసల్లీ అయ్యింది. రెండో డిస్క్ చెడిన చోట్లు వేరు, మూడో డిస్క్ చెడిన చోట్లు వేరు. రెండో దాంట్ల ఖాళీ ఉన్న కాడ మూడోది మాట్లాడుతున్నది, మూడో దాంట్ల ఖాళీ ఉన్న కాడ రెండోది మాట్లాడుతున్నది. డబ్బా లెక్కల ఇది రెండు డిస్కుల మౌత్. చోటు చోటుగ చూస్తే మాత్రం, దాదాపు అంతటా పోయింది ఒక్కటే. ఒక్కటి పోతే మిగిలిన మూడు తిరిగి తెస్తయి. చిన్న ప్రోగ్రాం రాసి, ప్రతి చోట గైరుహాజరైనోన్ని మిగిలినోళ్లతోని రాయించిన. ఒక్కటే జాగ్రత్త. మూడో డిస్క్ బయట పడ్డంక ఆ రెండు రోజుల్ల కొత్తగ రాసిన చోట్ల దాని మాట లెక్కల పట్టొద్దు, అది పాత సంగతే చెప్తది. ఆ రెండు రోజుల్ల ఎక్కినవి పిల్లల ఫోటోలే, అవి ఫోన్ల ఉన్నయి.

అమ్మీ, అబ్బాల నికానామా వచ్చింది. అబ్బా సర్వీసు కాగజాలు, ఇంటి రిజిస్ట్రీ, చెల్లె షాదీ వీడియో, అన్నీ వచ్చినయి. దాదీమా గొంతు కూడా వచ్చింది, నాలుగు సెక్టర్లు తప్ప. ఆ నాలుగు కాడ రెండు డిస్కులూ ఒకే చోట చెడిపోయినయి. ఒక్కో సెక్టర్ 4,096 బైట్లే. పాత ఫోన్ల తక్కువ నాణ్యతతోని చేసిన రికార్డింగ్ గనుక అంతల్నే పది సెకన్ల మాట పట్టింది. దారిల జ్వరమొచ్చి చనిపోయిన తన చిన్న చెల్లె పేరు దాదీమా చెప్పింది ఆ పది సెకన్లల్లనే.

ఫుప్పూను అడిగిన, ఒక పేరు చెప్పింది. చాచాను అడిగిన, ఇంకో పేరు చెప్పిండు. ఇద్దరూ అమ్మీ నోటనే విన్నమన్నరు. ఇద్దరూ సచ్చే మనుషులే.

పారిటీకి ఉన్న రెండో మజ్‌బూరీ ఇదే. చీటీ పోయిందని తెలిస్తే తిరిగి తెస్తది. చీటీ పోలేదు గాని ఎవరో నాలుగును ఆరు చేసిండ్రనుకోండ్రి. మూడు, ఆరు, ఐదు కలిపితే పద్నాలుగు, కాగజం మీద పన్నెండు. గలతీ ఉందని తెలుస్తది. ఎవరి చీటీల ఉందో తెల్వదు. మొత్తం రాసిన చీటీనే తప్పు కావచ్చు. దానికి గవా కావాలె. సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ 2005ల బయటికి తెచ్చిన జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టం ప్రతి ముక్కకు చెక్‌సమ్ అని ఒక నిషానీ వేరే చోట రాసిపెడతది. చదివేటప్పుడు ముక్క ఆ నిషానీకి సరిపోకుంటే 'ఈ డిస్క్ గలత్ చెప్తున్నది' అని పట్టుకొని, పారిటీతోని అసల్ మాట తెచ్చి, చెడిన చోట మల్ల రాస్తది. పారిటీ తిరిగి తెస్తది, చెక్‌సమ్ గవాహీ చెప్తది. రెండూ ఉంటేనే ఇన్సాఫ్. నికాకు మనం గవాలను ఉత్తగనే పెట్టుకుంటున్నమా?

ఇంకా మూడో సంగతి ఉంది, నేను అసలు మర్చిపోయింది అదే. నెలకొకసారి ఆ డబ్బా తనంత తాను మొదటి నుంచి ఆఖరి దాకా చదివి సరిచూసుకోవాలె. దాన్ని స్క్రబ్ అంటరు. చప్పుడైతున్నదని, నిద్ర పడ్తలేదని రెండేండ్ల కింద నేనే బంద్ చేసిన. అది నడిచి ఉంటే రెండో డిస్క్ జబ్బు మూడోది బతికున్నప్పుడే దొరికేది. దాదీమా చెల్లె పేరు ఉండేది.

దీన్ని మనోళ్లకు కొత్తగ చెప్పే పని లేదు. తరావీల ఇమామ్ సాబ్ చదువుతుంటే ఎనక సఫ్‌ల ఇంకో హాఫిజ్ సాబ్ చెవులు పెట్టి ఇంటుంటడు. ఇమామ్ సాబ్ ఒక లఫ్జ్ తప్పితే ఎనక నుంచి అందిస్తడు. అదే లుఖ్మా. తప్పినందుకు ఇమామ్ సాబ్ ఇజ్జత్ పోదు, దిద్దినందుకు ఎనకాయన గొప్పోడు కాడు. ప్రతి రంజాన్‌ల పాక్ కలామ్ మొత్తం ఇట్ల మల్ల సరిచూసుకునే ఉమ్మత్ మనది. రసూలుల్లాహ్ (స) ప్రతి రంజాన్‌ల హజ్రత్ జిబ్రీల్‌తోని ఖురాన్ దౌర్ చేసేవారని, ఆఖరి రంజాన్‌ల రెండుసార్లు చేసిండ్రని హదీసులల్ల ఉంది. యమామా జంగ్‌ల చానామంది హాఫిజ్‌లు షహీదైనంక హజ్రత్ ఉమర్‌కు ఫిక్ర్ పట్టింది. హజ్రత్ అబూబకర్ ఆ జిమ్మేదారిని హజ్రత్ జైద్ బిన్ సాబిత్‌కు ఇచ్చిండ్రు. ఆయనకు ఖురాన్ వచ్చు, అయినా తన యాదాష్త్ ఒక్కదాన్నే నమ్ముకోలేదు. ఖర్జూర మట్టల మీద, చదును రాళ్ల మీద రాసింది తెచ్చిండ్రు, మనుషుల గుండెల్ల ఉన్నది తెచ్చిండ్రు, ఒకదానితోని ఒకటి సరిచూసి రాసిండ్రు. కలామ్ హిఫాజత్ అల్లాహ్ తన జిమ్మా తీసుకున్నడు. మన ఇంటి కాగజాల హిఫాజత్ మాత్రం మన జిమ్మానే. ఒంటెను కట్టేసినంకనే తవక్కుల్ అని గదా మనకు నేర్పింది.

ఇప్పుడు నా రాయి చెప్త.

మన ఇండ్లల్ల అమానత్ అంతా ఒక్క కాడనే ఉంటున్నది. ఒక్క సందూఖు, ఒక్క ఫోన్, ఒక్క ముసలమ్మ. 'గూగుల్ల ఉంది గదా' అని పిల్లలు అంటరు. పాస్‌వర్డ్ ఒక్కరికే తెలిస్తే అది కూడా ఒక్క సందూఖే. పొరపాటున ఇక్కడ తుడిస్తే అక్కడా తుడుచుకపోతది.

కాగజాల ఫిక్ర్ మనకు ఎందుకో వేరే చెప్పాల్నా? అస్సాంల 2019 ఆగస్టు 31న వచ్చిన ఎన్‌ఆర్‌సీ ఆఖరి జాబితాల 19 లక్షల మందికి పైగ పేర్లు లేవు. అండ్ల అన్ని మతాలోళ్లున్నరు. వక్ఫ్ జాయదాదుల వివరాలు ఉమీద్ పోర్టల్‌ల ఎక్కించే పని 2025ల మొదలైంది. ఎక్కించాలంటే దస్తావేజు చేతుల ఉండాలె గదా. మన తెలంగాణల భూమి పంచాయితీ వస్తే ఇప్పటికీ 1954-55 ఖాస్రా పహాణీ చూస్తరు. ఉర్దూల రాసిన పాత కాగజం చదివేటోళ్లు ఇంటికొక్కరు కూడా లేరిప్పుడు. ఇంకా పేర్ల సంగతి. అబ్బా కాగజాల మీద జిల్లా నల్లగొండ, 2016 అక్టోబర్ తర్వాత పుట్టిన పిల్లల కాగజాల మీద యాదాద్రి భువనగిరి. ఊరు ఒక కాడ భోంగీర్, ఒక కాడ భువనగిరి. ఒక కార్డుల సయ్యద్, ఇంకో కార్డుల సైయద్. ఇది కూడా ఖామోష్ ఖరాబీనే. ఒక్క అక్షరం తేడాను ఎవ్వరూ చూడరు, కౌంటర్ కాడ నిలబడ్డ రోజే బయటపడ్తది. అన్ని కాగజాలు పక్కపక్కన పెట్టి ముందే చూసుకుంటే, సరిదిద్దుకునేతందుకు టైం ఉంటది.

నాలుగు డిస్కుల డబ్బా కొనుండ్రి అని చెప్తలేను. డబ్బా ఉన్నోళ్లకు కూడా చెప్పేదేందంటే, రెయిడ్ బ్యాకప్ కాదు. దొంగ ఎత్తుకపోయినా, ఇల్లు కాలినా, పిల్లగాడు చేయి జారి ఫైల్ తుడిసినా పారిటీ ఏం చెయ్యలేదు. తుడిసిందాన్ని కూడా వఫాదారీగ తుడిసే ఉంచుతది. నకళ్లు మూడు ఉండాలె, రెండు రకాల సామాన్ల మీద ఉండాలె, ఒకటి వేరే ఊర్ల ఉండాలె. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతి చూడుండ్రి. చిత్తూరు జిల్లాల పుట్టిన రాజ్ రెడ్డి గారి ఆలోచనతోని లక్షల పుస్తకాలు స్కాన్ చేసిన పని అది. ఆ వెబ్‌సైటు ఆగిపోయినంక కూడా పాత తెలుగు, ఉర్దూ కితాబులు మనకు దొరుకుతున్నయంటే, వాటి నకళ్లు ముందే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరినందుకే.

మాకు ఖర్చు పెట్టే తాఖత్ లేదంటరా? రెండు పెన్‌డ్రైవులు చాలు. ఒకటి మీ ఇంట్ల, ఒకటి బిడ్డ అత్తగారింట్ల. దుబాయ్‌ల, జెద్దాల ఉన్న తమ్మునికి ఒక నకల్. పార్‌టూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, అది ఫైళ్లకు పారిటీ తయారుచేసి పక్కన పెడతది, కొన్ని ముక్కలు చెడినా దిద్దుకోవచ్చు. ప్రతి షాబాన్‌ల, రంజాన్ పనులు మొదలుకాక ముందు, ఒక్క పూట కూసోని అన్నీ తెరిసి చూడుండ్రి. ఉన్నయనుకునుడు వేరు, తెరిసి చూసుడు వేరు.

అన్నిటికన్న ముందు, పెద్దోళ్లు ఉండంగనే అడుగుండ్రి. ఒక్కరిని కాదు, ఇద్దర్ని వేరువేరుగ అడగండ్రి. నానీ చెప్పింది ఖాలాకు చెప్పి సరిచూడుండ్రి. తేడా వస్తే ఇద్దరూ బతికున్నప్పుడే ఎదురెదురు కూసోబెట్టుండ్రి. ఒకరికొకరు లుఖ్మా ఇచ్చుకుంటరు. మేము ఆ పని చెయ్యలె.

మా షిజ్రాను కొత్తగ రాసిన. నాలుగు నకళ్లు తీసి నాలుగిండ్లకు పంపిన. దాదీమా పేరు పక్కన ఆమె చెల్లె కోసం ఒక గీత గీసి ఖాళీ పెట్టిన. ఫుప్పూ చెప్పిన పేరు రాయలె, చాచా చెప్పిన పేరూ రాయలె. రెండూ కింద చిన్నగ రాసి, ఎవరు ఏది చెప్పిండ్రో రాసిన. ఆ ఊరోళ్లు, ఆ రాత్రి వాళ్లతోని నడిచినోళ్ల పిల్లలు ఎవరన్న ఇది చదువుతుంటే, మీ దాదీలను, నానీలను ఒకసారి అడగండ్రి.

మా దాదీమా మగ్ఫిరత్ కోసం దువా చెయ్యుండ్రి. ఖుదా హాఫిజ్.